వైఫల్యంలో మూడో ర్యాంకు

మందుకూ రోగికీ మధ్య ఒక మనిషి ఉంటాడని, ప్రభుత్వం అతణ్ణి నియంత్రించడం మొదలుపెట్టేదాకా మా ఊళ్లో ఎవరికీ తెలియదు.

అంతకు ముందు వ్యవహారం చాలా మోటుగా ఉండేది. డాక్టరు చీటీ రాసేవారు. పెన్షనరు ఆ చీటీ పట్టుకుని మా పెన్షనర్ల మందుల కేంద్రానికి వచ్చేవాడు. ఫార్మసిస్టునైన నేను అలమారలోంచి మందు తీసి ఇచ్చేవాణ్ణి. అతను ఇంటికి వెళ్లి వేసుకునేవాడు. ఇరవై రెండేళ్ల పాటు జనం ఈ అనాగరిక పద్ధతిలోనే బతికారు.

తర్వాత మందుల ఖర్చు పెరిగిపోతోందని ప్రభుత్వం ‘సుగమ సంధాత’ అనే కంపెనీని మధ్యవర్తిగా పెట్టుకుంది. ఏ మందు ఇవ్వాలో, ఏది ఇవ్వకూడదో జాబితా రాయడం దాని పని. మందులు తయారు చేసేవాళ్లతో బేరమాడి తగ్గింపు తేవడం కూడా దాని పనే. తెచ్చింది. తెచ్చి తన దగ్గరే ఉంచుకుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడం లేదని పత్రికలు గోల పెట్టాయి. అప్పుడు చట్టం వచ్చింది. చట్టం వెంట ‘ఔషధ మధ్యవర్తుల నియంత్రణ మండలి’ వచ్చింది. మండలి వెంట మా జిల్లాకు నియంత్రణాధికారి చక్రపాణిగారు, ఆయన వెంట ఒక కారు, పదహారు కుర్చీలు, ఒక గోడ గడియారం వచ్చాయి.

మండలి మొదటి ఉత్తర్వు బహు కఠినమైనది. మధ్యవర్తి ప్రతి మందు మీదా కనీసం ఎనభై శాతం తగ్గింపు చూపించి తీరాలి. కంపెనీ ఏమాత్రం ఎదురు చెప్పలేదు. ఆషాఢంలో బట్టల కొట్టువాళ్లు చేసే పనే మీరూ చేయండని తయారీదార్లకు కబురు పెట్టింది. ఏడువందల ఎనభై రూపాయల కంటిచుక్కల సీసా మీద మూడు వేల తొమ్మిది వందలని అచ్చయింది. ఎనభై శాతం పోతే మళ్లీ ఆ ఏడువందల ఎనభయ్యే. సీసాకు మూడు వేల నూట ఇరవై రూపాయలు ఆదా చేశామని మండలి పండగ చేసుకుంది. బయట కొట్లో కొనుక్కునేవాడు మాత్రం మూడు వేల తొమ్మిది వందలూ కట్టాలి. అతను నియంత్రణ పరిధిలోకి రాడు.

రెండో ఉత్తర్వు ఇంకా కఠినం. మధ్యవర్తి ఏ రోగికీ ఏ మందూ నిరాకరించకూడదు. కంపెనీ దీనికీ తల ఊపి ‘ఆరోగ్య సోపానం’ అనే పథకం తెచ్చింది. ఇందులో నిరాకరణ అనేదే లేదు. అందరికీ అన్ని మందులూ ఉన్నాయి, మెట్లెక్కి రావాలంతే. మొదటి మెట్టు మీద అన్నిటికంటే చవక మందు తొంభై రోజులు వాడాలి. అది పని చేయలేదని రుజువు చేసుకుంటే రెండో మెట్టు. అదీ పని చేయకపోతే మూడోది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం తెలివితక్కువని మన పెద్దలన్నారు. మండలి దాన్ని సవరించింది. కాలిన చేతులు చూపిస్తేనే ఆకులు.

ఈ మెట్ల ముందుకు మా జిల్లాలో మొదట వచ్చిన వాళ్లలో బందా మరియరత్నం ఒకరు.

మరియరత్నంగారు ఏఎన్ఎం నర్సుగా చేసి రిటైరయ్యారు. ఊళ్లో అందరికీ రత్నం సిస్టరు. పందొమ్మిదేళ్లు కాంట్రాక్టు మీద పని చేయించుకుని, ఆఖర్న పర్మినెంటు చేశారు కాబట్టి పెన్షను పదకొండు వేలకు మించదు. భర్త పోయాడు. పిల్లలు లేరు. రెండు కళ్లకూ నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి చూపును అంచుల నుంచి లోపలికి తినుకుంటూ వచ్చే జబ్బు అది. తిన్న చూపు తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవాలంటే రోజూ రాత్రి కంటికో చుక్క పడాలి. తొమ్మిదేళ్లుగా ఆవిడకు ఆ మూడు వేల తొమ్మిది వందల సీసాయే పడుతోంది, అంటే అప్పటి ఏడువందల ఎనభై సీసా. కుడికన్ను కాస్త బలహీనమే అయినా, రెండూ ఉన్న చోటే నిలబడ్డాయి.

ఏప్రిల్‌లో ఆవిడ వచ్చినప్పుడు కంప్యూటరు ఆ సీసా ఇవ్వనివ్వలేదు. అరవై రెండు రూపాయల సీసా చూపించింది. తొమ్మిదేళ్ల కిందట వాడి, పని చేయక మానేసిన మందే అది. ఆనాటి డాక్టరు కాగితం సిస్టరు ప్లాస్టిక్ కవరులో భద్రంగా దాచుకున్నారు. ఇద్దరం అది పట్టుకుని చక్రపాణిగారి దగ్గరకు వెళ్లాం.

ఆయన కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూశారు.

“అమ్మా, మీ వైఫల్యం పాతబడిపోయింది” అన్నారు. “ఆదాయ ధ్రువపత్రమైనా ఆరు నెలల లోపుది కావాలంటాం. ఇది తొమ్మిదేళ్ల నాటిది. పైగా చట్టం అమలులోకి రాకమునుపు జరిగిన వైఫల్యం. తాజా వైఫల్యం సమర్పించుకోవలసి ఉంటుంది.”

“అంటే మళ్లీ కళ్లు పోగొట్టుకు రమ్మంటారా అండీ?” అన్నారు సిస్టరు.

“పోగొట్టుకోవడం అనే మాట నియమావళిలో ఎక్కడా లేదమ్మా. చికిత్సా వైఫల్యాన్ని నమోదు చేయించుకోవడం అంటాం.”

“నేను ముప్పయ్యేళ్లు ఇంటింటికీ తిరిగి పోలియో చుక్కలేశానండీ. ముందు బిడ్డ కాలు చచ్చుబడనీ, అప్పుడు చుక్కలేత్తానని ఒక్క తల్లితో అన్లేదండీ బాబూ.”

“అప్పట్లో ఈ మండలి లేదు కదమ్మా” అన్నారు చక్రపాణిగారు, నిజంగానే జాలిపడుతూ.

పక్క కుర్చీలో కంపెనీ తరఫు కుర్రాడు నిఖిలేష్ ఉన్నాడు. నియంత్రించబడే కంపెనీకీ నియంత్రించే కార్యాలయానికీ సమన్వయం ఉండాలని ఒకే గదిలో పెట్టారు. “ఆంటీ, మేం రిజెక్ట్ చెయ్యలేదు. మీరు ఆల్రెడీ ఫస్ట్ స్టెప్ మీదున్నారు. కంగ్రాట్స్” అని ఒక పెన్ను బహుమతి ఇచ్చాడు.

“పోనీ, అప్పోసప్పో చేసి బయట కొనుక్కుంటానండీ” అన్నారు సిస్టరు.

“కొనుక్కోవచ్చు. కాని అప్పుడు చవక మందు విఫలమైందో లేదో తేలదు. మీ వైఫల్యం కల్తీ అయిందని పథకం నుంచి పేరు తీసేస్తారు” అన్నారు చక్రపాణిగారు. పథకంలోంచి పేరు పోతే బీపీ బిళ్లలు, షుగరు బిళ్లలు కూడా పోతాయి. సిస్టరు ఆ అరవై రెండు రూపాయల సీసా పట్టుకుని ఇంటికి వెళ్లారు.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. మా ఫ్రిజ్‌లో పాత ధరకు కొన్న ఆ చుక్కల సీసాలు ఏడున్నాయి. గడువు ఇంకా ఏడాది ఉంది. జాబితాలో లేని నిల్వ ఉండరాదని ఉత్తర్వు వచ్చింది. ఇద్దరు సాక్షుల ఎదుట పంచనామా చేసి, ఏడు మూతలూ నా చేత్తోనే తీసి, మందును తూములో పోశాను. నా సంతకం అందంగా ఉంటుందని అందరూ అంటారు. ఆ రోజు ఇంకా అందంగా పెట్టాను. ఒక్క సీసా జేబులో వేసుకోలేకపోయానే అని ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం.

తొంభై రోజులు గడిచాయి. వైఫల్య నిర్ధారణ పరీక్షకు పిలుపు వచ్చింది. సిస్టరుకు వైద్యం చేసే కంటి డాక్టరు జుబేదాగారు మూడు ఉత్తరాలు రాశారు. ఈ జబ్బుకు కంటి ఒత్తిడి కొలవాలి, అక్షరాల చార్టు చదివిస్తే ఏమీ తెలియదు అని. చికిత్స చేసే డాక్టరుకు రోగి మీద పక్షపాతం ఉంటుంది కాబట్టి ఆవిడ అభిప్రాయాన్ని పరిగణించలేమని మండలి జవాబిచ్చింది. చార్టే ఖాయం చేసింది. దానికి ఖర్చు లేదు, ఒక మేకు చాలు.

“సిస్టరుగారూ, ఇవాళ మీరు తప్పాలండి. కనబడినా కనబడలేదనాలి” అని మెట్ల మీద నచ్చజెప్పాను.

“అబద్ధం ఎలాగాడతానండీ? బడి ఎగ్గొట్టడానికి కనబడలేదని ఏడ్చే పిల్లల్ని ఎంతమందిని పట్టుకున్నాను నేను!”

లోపల ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి ఎడమకన్ను మూయించారు. “చదవండమ్మా” అన్నారు చక్రపాణిగారు. సిస్టరు మొదలుపెట్టారు. పెద్ద అక్షరం, దాని కింద రెండు, ఆ కింద నాలుగు, ఆపకుండా, తడబడకుండా చదువుకుంటూ పోయారు. కాని చార్టు గోడకు ఎడమవైపు ఉంది. ఆవిడ మొహం కుడివైపు, క్యాలెండరు మీద ఉంది. ఇరవయ్యేళ్లు మండలంలోని ప్రతి బడికీ ఆ చార్టునే చంకన పెట్టుకు తిరిగిన మనిషి. చదవమనేసరికి నోరు దానంతటదే నడిచిపోతోంది. ఆఖరి వరుస అయ్యాక అట్టడుగున చీమతలంత అచ్చులో ఉన్న ‘ఉచిత పంపిణీకి మాత్రమే, అమ్మరాదు’ కూడా చదివేశారు.

చక్రపాణిగారు దరఖాస్తు నింపడంలో తలమునకలై, తలెత్తకుండానే “అద్భుతం!” అన్నారు. “గద్ద చూపు. చవక మందు దివ్యంగా పని చేస్తోంది. ఉత్తీర్ణత.”

“అయ్యో, నాకు చార్టు కంఠతా వచ్చండీ! కుడి కంటికి ఏటీ కనబడ్డం లేదు!” అన్నారు సిస్టరు, తను చేసిన పని అప్పటికి తెలిసి.

“పరీక్షలో బాగా రాసి, బయటికొచ్చి బాగా రాయలేదనడం మన పిల్లలకూ అలవాటేనమ్మా” అని ఆయన నవ్వారు. మొదటి మెట్టు మీదే ఇంకో తొంభై రోజులు రాశారు. లేవబోతూ ఆవిడ పక్కనున్న కుర్చీకి కొట్టుకుని తూలారు. అది కూడా నమోదు చేయండని నేను బతిమాలాను. కుర్చీకి తగిలింది మోకాలు కాబట్టి అది కీళ్ల విభాగం చూడాలన్నారు.

ఈలోగా ఊరు మేలుకుంది. మందు కావాలంటే తప్పాలని జనానికి అర్థమైంది. మనవాళ్లకు పరీక్ష అంటూ ఉందని తెలిస్తే చాలు, కోచింగు దానంతటదే పుడుతుంది. ఒకప్పుడు డ్రైవింగు లైసెన్సులు ఇప్పించే ఏజెంటు సూరపరాజు మా గేటు ఎదుట ‘సంకల్ప వైఫల్య శిక్షణాలయం’ పెట్టాడు. షుగరు పరీక్షకు ముందురోజు ఎన్ని జిలేబీలు తినాలి, బీపీ చూసేటప్పుడు ఎవరితో జరిగిన ఆస్తి తగాదా గుర్తు తెచ్చుకోవాలి అన్నది ఆదివారాలు కూడా నేర్పించాడు. నెల తిరక్కుండా ఫ్లెక్సీలు కట్టాడు. ‘గత బ్యాచ్‌లో నూటికి నూరు మంది ఫెయిల్!’ కింద ముసలివాళ్ల ఫొటోలు, మెడలో దండలతో. దండలు చూసి ఒకరిద్దరి బంధువులు ఏడుస్తూ వచ్చారు కూడా.

ఫెయిలైనవాళ్లు వెల్లువెత్తేసరికి మండలికి ఖర్చు భయం పట్టుకుంది. అత్యవసర సమావేశం పెట్టి, జిల్లాకు నెలకు పదిమందే విఫలం కావచ్చని పరిమితి విధించింది. పదిమంది ఎవరో తేల్చడానికి మెరిట్ లిస్టు. వైఫల్యం ఎంత గాఢంగా ఉంటే అంత పై ర్యాంకు. మొదటి పది ర్యాంకులవాళ్లు మధ్య మెట్లు ఎక్కనక్కర్లేకుండా నేరుగా కోరిన మందుకే కౌన్సెలింగుకు వెళ్లొచ్చు. ఒక్క మార్కులో పదకొండో ర్యాంకు వచ్చిన రిటైర్డ్ తాసిల్దారుగారు, తన షుగరు తప్పు లెక్కగట్టారని రీవాల్యుయేషన్‌కు ఫీజు కట్టారు.

“మధ్యవర్తుల్ని అదుపులో పెట్టాలనే కదండీ చట్టం చేశారు. ఇప్పుడు గేటు దగ్గర కూడా మధ్యవర్తి తయారయ్యాడేమిటి?” అని నేను చక్రపాణిగారిని అడిగాను.

“అతన్నీ నియంత్రిస్తాం” అన్నారాయన. పది రోజుల్లో సూరపరాజుకు లైసెన్సు ఇచ్చారు.

సిస్టరు ఆ కోచింగుకు వెళ్లలేదు. అక్టోబరు నుంచి ఆవిడ మా కేంద్రానికి వచ్చే తీరు మారిపోయింది. గుమ్మం తెలిసినా చేత్తో తడుముకుని వచ్చేవారు. ఎదుటనున్న నన్ను చూడాలంటే మొహమంతా తిప్పేవారు. టీ ఇస్తే గ్లాసు పక్కన చెయ్యి పెట్టేవారు. “కుడివైపు పొగమంచు పట్టేసిందండీ బాబూ, మీ ఊళ్లో పట్టలేదా?” అని ఒకసారి హాస్యమాడారు. నేను వెనక గదిలోకి వెళ్లి ఖాళీ ఫ్రిజ్ తలుపు తీసి చూసి, మళ్లీ వేశాను.

రెండో పరీక్ష, రద్దీ వల్ల వాయిదా పడుతూ వచ్చి, డిసెంబరులో పడింది. కంఠతా పట్టినవాళ్లను అడ్డుకోవడానికి మండలి కొత్త చార్టు అచ్చేయించింది. ఈసారి అలాంటి జాగ్రత్తల అవసరం రాలేదు. సిస్టరు కుర్చీలో కూర్చున్నారు. ఎడమకన్ను మూశారు. “చదవండమ్మా” అన్నారు చక్రపాణిగారు.

సిస్టరు మొహం అటూ ఇటూ తిప్పి వెతికారు. తర్వాత మెల్లగా, “దీపాలు వేసున్నాయాండీ?” అని అడిగారు.

గదిలో ట్యూబులైట్లు నాలుగు వెలుగుతున్నాయి. కిటికీలోంచి మిట్టమధ్యాహ్నపు ఎండ ఆవిడ ఒళ్లోనే పడుతోంది. నిఖిలేష్ సెల్‌ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. చక్రపాణిగారు మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

“సంపూర్ణం!” అన్నారు గద్గదంగా. “మచ్చలేని వైఫల్యం. అమ్మా, ఆ రోజే ఇలా చేసి ఉంటే మీకు ఇంత శ్రమ ఉండేది కాదు.”

ఫలితాల్లో బందా మరియరత్నానికి జిల్లా మూడో ర్యాంకు వచ్చింది. సూరపరాజు తన దగ్గర ఒక్కరోజైనా చదవని ఆవిడ ఫొటో కూడా ఫ్లెక్సీలో వేసుకున్నాడు. నిఖిలేష్ మా కేంద్రంలో లడ్డూలు పంచాడు. నా వంతు లడ్డూకు కాగితంలోనే చీమలు పట్టాయి.

మంజూరు ఉత్తర్వు జనవరి రెండో వారంలో వచ్చింది. సిస్టరు కౌంటరు ముందు బల్ల మీద కూర్చుని, “చదివి పెట్టండి గంగాధరంగారూ” అన్నారు. చదవడం మొదలుపెట్టాను.

“అర్హురాలు శ్రీమతి బందా మరియరత్నంగారికి కోరిన చుక్కల మందు మంజూరు చేయడమైనది. అయితే కుడికన్ను చూపు పూర్తిగా పోయినందున ఆ కంటికి కాపాడవలసినది ఏమీ లేదు. కావున మందు ఎడమకంటికి మాత్రమే. నెలకు ఒక సీసా బదులు రెండు నెలలకు ఒక సీసా. తద్వారా ఈ రోగి విషయంలో యాభై శాతం పొదుపు సాధించడమైనది. సహకరించినందుకు మండలి కృతజ్ఞతలు తెలుపుకుంటోంది.”

మూత తీసిన సీసా నెల దాటితే పారేయాలని సీసా మీదే రాసి ఉంటుంది. అదే ఫోన్లో చక్రపాణిగారికి చెప్పాను. సీసా కంటే ఉత్తర్వు పెద్దదన్నారు. ఆ యాభై శాతం పొదుపును మండలి వార్షిక నివేదికలో మొదటి పేజీలో వేస్తున్నారని, మా జిల్లాకు ప్రశంసాపత్రం రాబోతోందని కూడా చెప్పారు. ఆయన గొంతులో సంతోషం వింటే ఆ మనిషి దుర్మార్గుడు కూడా కాడనిపించింది. దుర్మార్గుడైతే ఇంత శ్రద్ధగా పని చేసేవాడు కాదు.

సిస్టరు సీసా అందుకోవడానికి చెయ్యి చాపారు, దానికి జానెడు దూరంలో. “నేను వేసుకుంటే చెంప మీద పడిపోతోందండీ. ఓ చుక్క మీరే వేసెయ్యండి బాబూ” అన్నారు.

బల్ల మీద వెనక్కి వాలి మొహం పైకెత్తారు. ఎడమకంట్లో చుక్క వేశాను. ఆవిడ అలాగే ఉండి, వేలితో కుడిరెప్ప కూడా కిందికి లాగి పట్టుకున్నారు.

“అందులో వద్దన్నారండీ” అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది.

“వద్దన్నారనుకోండి. ఇన్నేళ్లూ రెండిటికీ కలిపే వేశాను గదా. దానికి మాత్రం చిన్నతనంగా ఉండదా అండీ?”

కుడికంట్లో కూడా వేశాను. ఆవిడ రెండు కళ్లూ మూసుకుని, చుక్క కారిపోకుండా ముక్కు పక్కన వేలు అదిమి పెట్టి, నేను లెక్కపెట్టలేనంతసేపు కూర్చున్నారు.

ఆవిడ వెళ్లాక రిజిస్టరు రాశాను. ఇరవై రెండేళ్లుగా ఇచ్చిన మందుకు అబద్ధం రాసే అలవాటు లేదు. ఎడమ ఒకటి, కుడి ఒకటి అని రాశాను.

పదిహేను రోజులకు మెమో వచ్చింది. అనర్హమైన కంటికి ప్రభుత్వ చుక్కను ఏ అధికారంతో వేశారో ఏడు రోజుల్లో వివరణ ఇవ్వాలని. ఆ కన్ను కూడా ఆవిడదే కాబట్టి వేశానని రాశాను. వివరణ సంతృప్తికరంగా లేదని, సీసా మీద అచ్చయిన ధర లెక్కన చుక్క ఖరీదు అరవై అయిదు రూపాయలు ఫిబ్రవరి జీతంలో పట్టుకుంటున్నామని మళ్లీ కాగితం వచ్చింది.

ఫిబ్రవరి ఒక్కటే ఎందుకు, ప్రతి నెలా ఆ కంటి ముప్ఫై చుక్కలకూ పట్టుకోమని రాసిచ్చి, కింద సంతకం పెట్టాను.